చదరపు అడుగుకు ఎన్ని చెంబులు?

ఉగాది పచ్చడి చేదు నాలుక మీద ఉండగానే హైదరాబాదు పడమటి దిక్కున జలదీక్షలు మొదలవుతాయి. కొండాపూర్, మణికొండ, నిజాంపేట, మియాపూర్... ఏ గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపు తెరిచినా ముందు ఒక దోసిలి బొమ్మ కనిపిస్తుంది. దోసిట్లో నీటిబొట్టు, బొట్టులో భూగోళం, కింద 'ప్రతి బొట్టూ ప్రాణమే' అన్న సూక్తి. దానికి వరసగా చేతులు జోడించిన నమస్కారాలు. ఆ నమస్కారాల మధ్యలోనే ఇంకో మెసేజ్ దూరుతుంది: 'సి బ్లాకు పన్నెండో అంతస్తులో షవర్ ప్రెషర్ బొత్తిగా లేదు. ప్లంబర్‌ని పంపండి. అర్జెంట్.' బొట్టు ప్రాణమే, ఎవరు కాదన్నారు? ఆ ప్రాణం కాస్త ప్రెషర్‌తో రావాలి, అంతే.

మర్నాడు కమిటీ సర్క్యులర్ లిఫ్టుల్లో అతికిస్తారు. నీటి పొదుపు సూచనలు. పనివాళ్లు గిన్నెలు తోమేటప్పుడు కుళాయి కట్టేసేలా ఓనర్లు చూసుకోవాలి. కార్లు తుడిచే కుర్రాళ్లు కారుకు అరబకెట్టుతో సరిపెట్టుకోవాలి. డ్రైవర్లు క్లబ్ హౌస్ దగ్గర మొహాలు కడుక్కోరాదు. వాచ్‌మన్ కుటుంబాలు సెల్లార్ కుళాయిని పొద్దున ఆరు నుంచి ఏడు దాకా మాత్రమే తిప్పాలి. చదివి చూడండి. పొదుపు చెయ్యమని చెప్పింది ఎవరికి? ఆ కాంపౌండులో ఒక్క ఫ్లాటు కూడా లేనివాళ్లకి. 'ఓనర్' అన్న మాట కాగితం మొత్తంలో ఒక్కసారే వచ్చింది, అదీ ఇతరులను చూసుకోవడానికి. నీళ్లు వాడుకునే పని ఓనర్లది, మిగుల్చుకునే పని మిగతావాళ్లది. ఇంత స్పష్టమైన శ్రమ విభజన ఆర్థికశాస్త్రంలో కూడా దొరకదు.

లెక్కలు రాక కాదు. లెక్కల దగ్గర మనం గట్టివాళ్లం. పాలపేకెట్లకు కేలండర్ మీద గీతలు గీస్తాం. ఇస్త్రీకి వెళ్లే బట్టలకు చీటీ రాస్తాం. కరెంటు బిల్లు నాలుగు వందలు పెరిగితే ఆ రాత్రి ఏసీ మీద పంచాయితీ పెడతాం. ఫోన్లో ఇవాళ్టి డేటా ఎంత మిగిలిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. అదే ఇంటాయన్ని పట్టుకుని "సార్, మీ ఇంట్లో రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు వాడతారు?" అని అడగండి. గోత్రం మర్చిపోయినవాడిలా చూస్తాడు. కాసేపటికి తేరుకుని, "నీళ్లకేముందండీ, మెయింటెనెన్స్‌లో పడిపోతుంది" అంటాడు.

ఆ పడిపోవడంలోనే ఉంది కిటుకంతా. మెయింటెనెన్స్ అనేది చదరపు అడుగుల లెక్క. నీళ్లేమో లీటర్లలో కొంటాం. లీటర్లలో కొన్నదాన్ని అడుగుల్లో పంచుకోవడం ప్రపంచంలో మరే సరుకుకూ లేని వైభోగం. 1,850 చదరపు అడుగుల ఫ్లాటులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. కొడుకు డాలస్‌లో. ఆవిడకు రోజుకు నాలుగు బకెట్లు ఎక్కువ. పక్కనే ఇంకో 1,850లో ఆరుగురు ఉద్యోగస్తులైన కుర్రాళ్లు. పూటకు ఆరు షవర్లు, ఆగకుండా తిరిగే వాషింగ్ మెషిన్. నెలాఖరుకు రెండిళ్ల బిల్లూ ఒకటే. ఎందుకంటే రెండిళ్ల గచ్చూ ఒకటే. మన కమ్యూనిటీల్లో దాహం మనిషికి వెయ్యదు, గచ్చుకి వేస్తుంది. స్నానం మార్బుల్ చేస్తుంది, బట్టలు బాల్కనీ ఉతుక్కుంటుంది. పెద్దావిడ బకెట్టు బకెట్టూ లెక్క చూసి మిగిల్చిన డబ్బు గోడ దాటి కుర్రాళ్ల షవర్ గొట్టంలోంచి కారుతుంది. బ్రోచర్లో 'కమ్యూనిటీ లివింగ్' అని బంగారు అక్షరాలతో అచ్చేసింది దీన్నే కాబోలు.

ఇప్పుడు ఆవిడ మాత్రం పొదుపు ఎందుకు చెయ్యాలి? ఎంత వాడినా అంతే కట్టాలంటే బుద్ధి ఉన్నవాడెవడైనా ఎక్కువే వాడతాడు. కుళాయి కట్టేసేవాడు అక్కడ అమాయకుడి కింద లెక్క.

మనిషికి రోజుకు 135 లీటర్లు చాలని మన నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. తాగడం, వంట, స్నానం, బట్టలు, గిన్నెలు, ఇల్లు తుడవడం అన్నీ అందులోనే. ఆ 135లో 45 లీటర్లు ఫ్లష్‌కు పోను మిగతావి మిగతావాటికి. పాపం ఆ కోడ్ రాసినవాళ్లు రెయిన్ షవర్ కింద నిలబడినట్టు లేదు. పళ్లెమంత తలకాయ ఉన్న షవర్ నిమిషానికి 15 లీటర్లు తేలిగ్గా వదులుతుంది. పది నిమిషాలు నిలబడి రెండు సినిమా పాటలు పాడితే 150. అంటే రోజు కోటా మొత్తం ఒక్క స్నానానికే చాల్లేదు. కుళాయి మూతికి బిగించే చిన్న జల్లెడ ఒకటి ఉంది, ఏరేటర్ అంటారు. వందల్లో దొరుకుతుంది, ధారలో గాలి కలిపి నీళ్లను సగానికి సగం తగ్గిస్తుంది. అది పెట్టమంటే "ఫీల్ రాదండీ" అంటారు. నిజమే. ఆకాశం నుంచి పడే వానను నాలాలోకి తోలేసి, లక్షలు పోసి బాత్రూము కప్పుకి వాన బిగించుకున్నవాళ్లం. ఫీల్ విషయంలో రాజీ పడలేం.

ఇలా మాట్లాడుతున్న మనమంతా ఎక్కడివాళ్లమంటే అనంతపురం, పాలమూరు, ప్రకాశం, నల్లగొండ. బిందె మీద బిందె పెట్టుకుని వీధి చివర పంపు దగ్గర క్యూలో జుట్లు పట్టుకున్న ఇళ్లవాళ్లం. ఆ ఇళ్లల్లో బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్లోకి వెళ్లేవి, గేదె తాగేది. స్నానాల గది తూములోంచి వచ్చిన నీళ్లు అరటి పాదులోకి, కరివేపాకు మొదట్లోకి వెళ్లేవి. అమ్మమ్మ దానికి కన్సల్టెన్సీ ఫీజు తీసుకోలేదు. ఇప్పుడు ఒక కుర్రాడు కోటు వేసుకొచ్చి, క్లబ్ హౌస్‌లో తెర దించి, 'గ్రేవాటర్ మేనేజ్‌మెంట్' అని నలభై స్లైడ్లు చూపిస్తాడు. ఇరవయ్యో స్లైడు దగ్గర సమోసాలు వస్తాయి. చివరి స్లైడులో అరటి చెట్టు ఉంటుంది. కమిటీ చప్పట్లు కొడుతుంది, కొటేషన్ చూసి వాయిదా వేస్తుంది.

ఇక లాన్ సంగతి. దీని గురించి తీరిగ్గా మాట్లాడుకోవాలి. కమ్యూనిటీలో అందరికంటే గౌరవనీయ సభ్యుడు అదే మరి. మెయింటెనెన్స్ కట్టదు, మీటింగుకి రాదు, మాట మాత్రం చెల్లుతుంది.

దక్కను గ్రానైటు మీద జానెడు మట్టి పోసి, ఆ మట్టి మీద చాపల్లా చుట్టి తెచ్చిన గడ్డి పరిచారు. చుట్టూ రాయల్ పామ్ చెట్లు, నీడ ఇవ్వవు, కాయ ఇవ్వవు, పక్షి వాలదు, కానీ బ్రోచర్లో నిటారుగా నిలబడతాయి. ఆ గడ్డిని పచ్చగా ఉంచాలంటే మండే ఎండల్లో చదరపు మీటరుకు రోజుకు దాదాపు 5 లీటర్లు కావాలి. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. గుణించుకోండి. రోజుకు 20,000 లీటర్ల పైచిలుకు. ఈ అంకె ఎక్కడో విన్నట్టుందా? 2021 జనవరి నుంచి హైదరాబాదులో ప్రభుత్వం ఒక్కో ఇంటికి నెలకు ఉచితంగా ఇస్తామన్న నీళ్లు 20,000 లీటర్లు. ఒక కుటుంబానికి నెల రోజులకు సరిపోతాయని సర్కారు లెక్క కట్టిన నీళ్లను మన గడ్డి ఒక్క రోజులో తాగి, మర్నాడు పొద్దున్నే మళ్లీ నోరు తెరుస్తుంది.

అంత తాగినందుకు ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. 'గడ్డి మీద నడవరాదు' అని నాలుగు దిక్కులా బోర్డులు. పిల్లలు సెల్లార్‌లో కార్ల మధ్య క్రికెట్ ఆడుకుంటారు. కుక్కలకు ప్రత్యేక సమయం ఉంది, పిల్లలకు లేదు. గడ్డి తినే అర్హత ఉన్న ఒకే ఒక జీవికి, అంటే గేదెకి, గేటు దగ్గర ప్రవేశం లేదు. కోసిన గడ్డిని సంచుల్లో నింపి చెత్తబండిలో పంపిస్తాం. నదిని ఎత్తి తెచ్చి గడ్డి పెంచి, గడ్డిని కోసి చెత్తలో వెయ్యడం. యజ్ఞంలో నెయ్యి పోసినప్పుడు కనీసం మంత్రాలైనా చదువుతారు.

స్ప్రింక్లర్లు తిప్పే సమయం మధ్యాహ్నం ఒంటిగంట. తోటమాలి డ్యూటీ అప్పుడు పడింది కాబట్టి. గడ్డికి అందినంత అందుతుంది, మిగిలింది సూర్యుడికి అర్ఘ్యం. పొద్దున్నే పోస్తే సరిపోతుందని తోటమాలికి తెలుసు. కాని అతణ్ని ఎవరూ అడగరు. వేప, కానుగ, గన్నేరు, నందివర్ధనం వేస్తే ఒకసారి బతికాక నీళ్ల కోసం మన మొహం చూడవని కూడా అతనికి తెలుసు. లాండ్‌స్కేప్ డిజైనరుకు కూడా తెలుసు, కానీ "లుక్ రాదు సార్, పల్లెటూరిలా ఉంటుంది" అంటాడు. పల్లెటూరి నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు ఆ ఒక్క మాట చాలు.

2024 మార్చిలో బెంగళూరు జలమండలి, తాగే నీళ్లతో తోటలు తడిపినా, కార్లు కడిగినా, ఫౌంటెన్లు ఆడించినా 5,000 రూపాయల జరిమానా అంది. ఆ వార్త మన గ్రూపులో కూడా వచ్చింది. 'పాపం బెంగళూరు' అన్నారు. ఆ పాపం అన్న మెసేజ్ పెట్టినాయన బాల్కనీలోంచి చూస్తే కింద గేటు దగ్గర, కమ్యూనిటీ పేరు చెక్కిన గోడ మీదుగా, కృత్రిమ జలపాతం ఇరవై నాలుగ్గంటలూ దూకుతూనే ఉంది. స్విమ్మింగ్ పూల్ జోలికి నేను పోను. పదిహేను మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పున నడుం లోతు గుంటలో లక్షా నలభై వేల లీటర్లు నిలబెట్టాం, మే నెలలో రోజూ కొన్ని వందల లీటర్లు ఆవిరై ఎగిరిపోతాయి. రాత్రిపూట ఒక ప్లాస్టిక్ దుప్పటి కప్పితే చాలావరకు ఆగుతాయి. దుప్పటి కప్పితే సెల్ఫీల్లో నీలం కనపడదు.

మరి ఇంత నీళ్లు ఎక్కణ్నుంచి? ట్యాంకర్ మహాశయుడి దయ. ఏప్రిల్ వచ్చేసరికి పెళ్లివారి కారు కోసం కూడా అంతగా ఎదురుచూడరు. 'బయలుదేరింది', 'సిగ్నల్ దగ్గర ఉంది', 'గేటు దాటింది' అని నిమిషానికొక కబురు. లారీ అడుగునుంచి కారుతూ, వచ్చిన దారంతా తడిపేసుకుంటూ, హారన్ కొడుతూ రంగప్రవేశం చేస్తుంది. పదివేల లీటర్లని బిల్లు. పదివేలే ఉన్నాయా అని కొలిచే సాధనం మాత్రం లేదు. వాచ్‌మన్ నిచ్చెనెక్కి, మూత తీసి, లోపలికి తొంగిచూసి తలాడిస్తాడు. ఆ తలాడింపే మన వాటర్ ఆడిట్.

ఆ ట్యాంకర్ నిండింది ఊరి బయట ఒక పాత వరిమడి పక్క బోరు దగ్గర. ఆ బోరు నిరుడు మడిని పండించింది, ఈ ఏడు మన లాన్‌ని పండిస్తోంది. ఇక్కడ చిత్రం చూడండి. అదే నీళ్లతో ఆ రైతు వరి వేసినన్నాళ్లూ మన కమ్యూనిటీలోని విశ్రాంత మేధావులు 'వరి నీళ్లను తాగేస్తోంది, రైతులు పంట మార్చాలి' అని పత్రికల్లో వ్యాసాలు రాశారు. రైతు పంట మార్చాడు. ఇప్పుడు నీళ్లే పండిస్తున్నాడు. మనం కూడా పంట మార్చాం. వరి బదులు మెక్సికన్ గడ్డి.

సొంత బోర్ల కథ ఇంకొకటి. రాతి నేల ఇది. ఇక్కడ నీళ్లు పైన ఉన్న పొడిరాతి పొరలోనూ, కింద బండల పగుళ్లలోనూ ఉంటాయి. వాన ఇంకితేనే ఆ పగుళ్లు నిండుతాయి. ఇంకడానికి మనం చోటు ఉంచలేదు గాని, తోడడానికి మాత్రం వెయ్యి అడుగులు దింపుతాం. బోరు వెయ్యాలంటే అనుమతి కావాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతుంది. అందుకే బోరు బండి రాత్రి పదకొండు దాటాక వస్తుంది, చట్టం నిద్రపోయే వేళకి. ఎక్కడ తవ్వాలో చెప్పడానికి ఒక పెద్దమనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పార్కింగ్ అంతా తిరుగుతాడు. ఐఐటీలో చదివిన కార్యదర్శిగారు, పీహెచ్‌డీ చేసిన కోశాధికారిగారు ఆయన వెనకాల చెప్పులు విడిచి నడుస్తారు. కొబ్బరికాయ నిలబడ్డ చోట బండి దించితే తెల్లారేదాకా తెల్లటి రాతిపొడి వచ్చింది. కొబ్బరికాయది తప్పు కాదట, మన మధ్య ఎవరికో నమ్మకం లేదట.

ఇంతకీ వాన పడదా ఈ ఊళ్లో? పడుతుంది. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు. చదరపు మీటరు చోటు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. రెండు వేల చదరపు మీటర్ల డాబా ఉన్న టవర్ మీద ఏడాదిలో 16 లక్షల లీటర్లు దిగుతాయి. ఆవిరికీ తడికీ నాలుగోవంతు వదిలేసినా 12 లక్షలు. పదివేల లీటర్ల ట్యాంకర్లు 120. హారన్ కొట్టకుండా, బిల్లు ఇవ్వకుండా, నేరుగా నెత్తి మీదికే వచ్చి పడే 120 ట్యాంకర్లు. వాటిని మనం ఏం చేస్తాం? డాబా గొట్టాల్లోంచి నాలాలోకి సాగనంపుతాం. నాలా పట్టక వెనక్కి తన్ని సెల్లార్ నిండుతుంది. అప్పుడు అద్దె మోటార్లు తెచ్చి, డీజిల్ పోసి, రాత్రంతా తోడి రోడ్డు మీదికి పారబోస్తాం. ఆగస్టులో డబ్బిచ్చి వదిలించుకున్న నీళ్లనే ఏప్రిల్‌లో డబ్బిచ్చి పిలిపించుకోవడం. ఇంత నిలకడగా రెండు వైపులా నష్టపోయే వ్యాపారి బేగంబజారులో ఒక్కడు కూడా ఉండడు.

ఇంకుడు గుంతలు లేవా అంటే, ఎందుకు లేవు? ప్లానులో ఉన్నాయి. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం వాననీటిని పట్టే ఏర్పాటు ఉండాల్సిందే. అందుకని బిల్డరు తవ్వించాడు. కంకర పోయించాడు, ఇసుక పోయించాడు, పక్కన నిలబడి ఫొటో తీయించాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన రోజుతో గుంత జన్మ ధన్యమైంది. తర్వాత దాని మీద టైల్స్ వేశారు. టైల్స్ మీద విజిటర్స్ పార్కింగ్ అని గీతలు గీశారు. బి బ్లాకు వెనక గుంత ఒకటి మాత్రం టైల్స్ తప్పించుకుంది. అందులో చిప్స్ పేకెట్లు, కోసిన గడ్డి, నిరుటి వినాయకుడి మండపం తాలూకు థర్మోకోల్ ఉన్నాయి. ఏటా వానాకాలం ముందు గుంతలోని ఇసుకా కంకరా తీసి కడిగితేనే అది నీళ్లు తాగుతుంది. దాన్ని కడగడానికి మనిషిని పెట్టాలంటే బడ్జెట్ లేదు. మ్యూజికల్ ఫౌంటెన్‌కు ఉంది.

చెరువుల సంగతి ఎత్తితే ఊళ్లో సగం మందికి కోపం వస్తుంది, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 1908లో మూసీ ఊరిని ముంచేసింది. ఆ దెబ్బతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టుకున్నాం. వాటి చుట్టూ పది కిలోమీటర్లు పెద్ద కట్టడాలు వద్దని 1996లో 111 జీవో తెచ్చుకున్నాం. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేశాం. ఊరి లోపలి చెరువులకైతే జీవోల అవసరం కూడా రాలేదు, 'లేక్ వ్యూ' అని బోర్డు పెట్టి అమ్మేశాం. కొన్నవాళ్లను బిల్డరు మోసం చెయ్యలేదు సుమండీ. లేక్ అన్నాడు, ఇచ్చాడు. వానాకాలంలో సెల్లార్‌లోకి దిగి చూసుకోవచ్చు.

ఇప్పుడు నేల మాళిగలోకే వెళదాం. అక్కడొక గది ఉంది. తలుపు మీద 'ఎస్టీపీ' అని రాసి ఉంటుంది. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి కావాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్. ఆ అనుమతి కోసం, వాడిన నీళ్లను శుద్ధి చేసి మళ్లీ ఫ్లష్‌లకూ తోటకూ వాడతామని మాట ఇచ్చాం. మాట ఇచ్చాక మోటార్లు కొన్నాం. మోటార్లు కొన్నాక కరెంటు బిల్లు చూశాం. చూశాక ఆపేశాం. తనిఖీకి ఎవరైనా వస్తున్నారని తెలిసిన రోజు గుడిలో గంట మోగించినట్టు బ్లోయర్లు మోగిస్తారు. మిగతా రోజుల్లో ఆ మురుగును తోడి పట్టుకుపోవడానికి ఇంకో ట్యాంకర్ వస్తుంది. మంచినీళ్ల ట్యాంకర్ లోపలికి వస్తుంటే మురుగు ట్యాంకర్ బయటికి పోతుంటుంది. గేటు దగ్గర రెండూ ఎదురుపడి, దారి చాలక, ఏది వెనక్కి తియ్యాలన్న విషయమై వాదులాట.

శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌లకు పెడదామని ఒకసారి ఒకాయన అన్నాడు. సభ అట్టుడికిపోయింది. "ఎవరెవరి ఇళ్లలోవో నీళ్లు మా కమోడ్‌లోకా?" కమోడ్‌కు మడి ఉందని ఆరోజే తెలిసింది. మరి ఆ కమోడ్‌లోకి ఇప్పుడు వెళుతున్న నీళ్లేవి? కృష్ణ. నాగార్జునసాగర్ నిండుకుండలా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాదు 1,700 అడుగుల పైన కూర్చుంది. అంటే ఆ నీళ్లు వెయ్యి అడుగులకు పైగా కొండెక్కి, దాదాపు వంద కిలోమీటర్లు గొట్టాల్లో నడిచి, మెట్టుమెట్టుకూ కరెంటు ఖర్చు చేసి ఊరు చేరతాయి. 2015లో గోదావరి కూడా ఎల్లంపల్లి నుంచి ఇలాగే నడిచి వచ్చింది. 2016 పుష్కరాలకు రైలెక్కి, బస్సెక్కి, విజయవాడ ఘాట్‌లో మూడు మునకలు వేసి, సీసాలో తీర్థం పట్టుకొచ్చి దేవుడి గదిలో పెట్టుకున్నాం. గోడకు ఇవతల సీసాలో కృష్ణమ్మకు హారతి, అవతల అదే కృష్ణమ్మ ట్యాంకులోంచి పది లీటర్ల చొప్పున కమోడ్‌లోకి. చిన్న మీట నొక్కితే మూడు లీటర్లతో పోయే పనికి కూడా పెద్ద మీటే నొక్కుతాం. నదుల పట్ల మన భక్తిలో లోపం లేదు, పుణ్యం ఏ గదిలో దొరుకుతుందన్నదే తేడా.

వంటింట్లో ఆర్‌ఓ యంత్రం గోడకు వేలాడుతూ, లీటరు తాగనిచ్చి మూడు లీటర్లు సింకులోకి వదులుతుంది. ఆ సన్నగొట్టం కింద ఒక బకెట్టు పెడితే ఇల్లు తుడవడానికి సరిపోతుంది. నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే అసలు ఆర్‌ఓ అక్కర్లేదని 2019లో గ్రీన్ ట్రిబ్యునల్ కూడా అంది. కాని బకెట్టు పెడితే మాడ్యులర్ కిచెన్ అందం చెడుతుంది.

ఈ మొత్తం భాగవతానికి మందు కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. ప్రతి ఫ్లాటుకూ నీటి మీటరు. ఎవరు వాడింది వాళ్లు కట్టడం. లాన్‌కో మీటరు, పూల్‌కో మీటరు, జలపాతానికో మీటరు, అవి తాగిన లెక్క నెలనెలా లిఫ్టులో, ఆ సర్క్యులర్ పక్కనే. అంతే. మీటరు కనపడ్డ చోట చెయ్యి తనంతట తనే కుళాయి మీదికి పోతుంది. కరెంటు విషయంలో గది దాటుతూ స్విచ్చి కట్టేసే మనిషి నీళ్ల దగ్గర మాత్రం వేరే జాతివాడు కాడు. ప్రభుత్వం ఇచ్చే 20,000 లీటర్లు కూడా అపార్టుమెంట్లకు ఒకే పెద్ద మీటరు మీద, ఫ్లాట్ల సంఖ్యతో గుణించి వస్తాయి. గేటు దాకా కొలిచి వచ్చిన నీళ్లు గేటు దాటగానే కొలతలేని సముద్రం అయిపోతున్నాయి.

అందుకని ఒక సర్వసభ్య సమావేశంలో మీటర్ల అంశం ఎజెండాలో చేరింది. ఏడో అంశంగా. ఆరో అంశం భోజనాలు.

ముందు రిటైర్డ్ చీఫ్ ఇంజనీరుగారు లేచారు. "టెక్నికల్‌గా కుదరదండీ. ఒక్కో ఫ్లాటుకు ఐదు చోట్ల గొట్టాలు దిగుతున్నాయి. రెండు బాత్రూములకు రెండు, వంటింటికొకటి, యుటిలిటీకొకటి, ఇంకోటి పూజగదిలోకి. ఐదు మీటర్లు పెట్టాలి" అన్నారు. అందులో నిజం ఉంది. కట్టేటప్పుడు మీటరు ఊహే లేకుండా బిల్డరు గొట్టాలు దింపాడు. ఐదు మీటర్ల ఖర్చు ఎంతని ఎవరో అడిగారు. ఆ ఫ్లాట్ల గుమ్మం దగ్గర పెట్టిన షూ రాక్ ఖరీదు కంటే తక్కువే తేలింది. దాంతో ఆ వాదన సద్దుమణిగింది.

డాలస్ నుంచి తెర మీద ప్రత్యక్షమైన ఒక ఎన్నారై ఓనరు, "సార్, నా ఫ్లాట్ మూడేళ్ల నుంచి తాళం వేసుంది. చుక్క వాడలేదు. నేను నీళ్ల డబ్బు ఎందుకు కడుతున్నాను?" అని అడిగాడు. సభలో సూటిగా వేసిన ప్రశ్న అదొక్కటే. అధ్యక్షులవారు "బాబూ, మీ వాయిస్ బ్రేక్ అవుతోంది" అన్నారు.

ఒకావిడ లేచి, "మా ఇంటికి చుట్టాలు ఎక్కువండీ. మీటరు పెడితే వచ్చినవాళ్లని స్నానం చెయ్యొద్దంటామా? మన సంస్కృతి ఏమైపోవాలి?" అంది. చప్పట్లు మోగాయి. నీళ్ల విషయంలో సంస్కృతి గుర్తొచ్చిన ఆ క్షణాన వెనక వరసలోంచి పెద్దావిడ, 1,850 చదరపు అడుగుల ఒంటరి పెద్దావిడ, నెమ్మదిగా చెయ్యెత్తింది. "నాయనా, నాకు నాలుగు బకెట్లు చాలు. నా బకెట్ల డబ్బే నేను కడతా, కుదురుతుందా?" అంది. "ఆంటీ, అందరికీ ఒకే రూలు ఉండాలి కదా, ఈక్వాలిటీ" అని ఆరుగురు కుర్రాళ్లలో ఒకడు మర్యాదగా సర్దిచెప్పాడు.

చివరికి తీర్మానాలు చదివారు. నీటి పొదుపు మీద అవగాహన కోసం పిల్లలకు చిత్రలేఖనం పోటీ, ఏకగ్రీవం. గెలిచినవాళ్లకు వాటర్ పార్క్ టిక్కెట్లు. మ్యూజికల్ ఫౌంటెన్, ఏకగ్రీవం. లాన్ విస్తరణ, చర్చ లేకుండా ఆమోదం. మీటర్ల అంశం అధ్యయనం నిమిత్తం ఉపసంఘానికి, ఉపసంఘం ఏర్పాటు వచ్చే సమావేశానికి.

అయితే కమిటీ మీటర్లకు పూర్తిగా వ్యతిరేకమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒక్క మీటరుకు డబ్బు మంజూరు చేశారు. మర్నాడు ఉదయమే ప్లంబర్ వచ్చి బిగించి, సీలు వేసి వెళ్లాడు. సెల్లార్‌లో, వాచ్‌మన్ కుటుంబం నీళ్లు పట్టుకునే కుళాయికి. పైలట్ ప్రాజెక్టు అన్నారు.